ఏదెను తోటలో దేవుడూ మనిషీ: ఒక సంవాదం

ఆదికాండం మొదటి మూడు అధ్యాయాల్లో మనిషి పుట్టుకను రెండుసార్లు చెప్పారు. మొదటి కథనం 1వ అధ్యాయంలో మొదలై 2వ అధ్యాయం 3వ వచనంతో ముగుస్తుంది. అందులో దేవుడు మాటతో సృష్టి చేస్తాడు. ఆరో రోజున స్త్రీపురుషులిద్దరినీ తన స్వరూపంలో చేసి, ఏడో రోజున విశ్రమిస్తాడు. రెండో కథనం అక్కడి నుంచి 3వ అధ్యాయం చివరిదాకా నడుస్తుంది. ఇందులో దేవుడు నేలమట్టితో మనిషిని చేసి అతని ముక్కులో ఊపిరి ఊదుతాడు. తూర్పున ఏదెనులో తోట వేస్తాడు. జంతువులను ఆదాము దగ్గరికి తెచ్చి, వాటికి ఏం పేర్లు పెడతాడో చూస్తాడు. అతని పక్కటెముకతో స్త్రీని చేస్తాడు. మొదటిదానిలో ‘దేవుడు’ అని మాత్రమే ఉంటే, రెండోదానిలో ‘దేవుడైన యెహోవా’ అని ఉంది. ఈ తేడాను పట్టుకునే 1753లో ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్ట్రూక్ ఈ గ్రంథం వెనక వేర్వేరు మూలాలున్నాయని వాదించాడు. మొదటి కథనం యూదులు బబులోను చెరలో ఉన్న క్రీ.పూ. 6వ శతాబ్దం ప్రాంతంలో ఇప్పటి రూపు తీసుకుందని తరువాతి పండితుల్లో చాలామంది అభిప్రాయం.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినవారు వాటి మధ్య తేడాలను చెరిపేయలేదు. ఒకదానిలో దేవుడు ఎత్తున ఉండి ఆజ్ఞాపిస్తాడు, రెండోదానిలో చేతులకు మట్టి అంటించుకుంటాడు. మనిషికీ దేవుడికీ ఉన్నది యజమానికీ దాసుడికీ మధ్య ఉండే సంబంధమా, లేక మాటకు మాట చెప్పుకోగల ఇద్దరి మధ్య బంధమా అన్న వివాదం ఇక్కడే పుట్టింది. ఈ సంవాదంలో మొదటి పక్షం ఒక న్యాయవాదిది. ఆమె కథను కేసుగా చదువుతుంది: ఆజ్ఞ, ఉల్లంఘన, విచారణ, శిక్ష. రెండో పక్షం హీబ్రూ బైబిలు బోధించే ఒక ఉపాధ్యాయుడిది. తెగిపోయిందనుకున్న చోట కూడా తెగని బంధాన్ని ఆయన ఆ కథలో చూస్తాడు.

న్యాయవాది: మాస్టారూ, మనిషిని ఎందుకు చేశాడన్న దగ్గర మొదలుపెడదాం. రెండో కథనం దాపరికం లేకుండానే చెబుతుంది. నేలను సేద్యం చేయడానికి మనిషి లేడు, అందుకే పొలంలో ఏ మొక్కా మొలవలేదు. తరువాత మనిషిని చేసి తోటలో ఉంచింది కూడా దాన్ని సాగు చేయడానికీ, కాయడానికీ. పని ముందు, పనివాడు తరువాత. తోట దేవుడిది, షరతూ దేవుడిదే. మనిషి పాలేరు కాక మరేమిటి?

ఉపాధ్యాయుడు: మనిషి పాలేరుగానే పుట్టాడని నిజంగా చెప్పిన కథలు ఆ ప్రాంతంలోనే ఉన్నాయమ్మా. ముందు వాటిని చూసి, తరువాత దీన్ని చూడండి.

ఆయన చెప్పేవి మెసొపొటేమియా కథలు. క్రీ.పూ. 17వ శతాబ్దపు మట్టి పలకల మీద దొరికిన అత్రహాసిస్ కావ్యంలో మొదట చిన్న దేవుళ్లే కాలువలు తవ్వుతారు. చాకిరీ భరించలేక పనిముట్లు తగలబెట్టి, పెద్ద దేవుడి వాకిట తిరుగుబాటు చేస్తారు. ఆ చాకిరీని ఎత్తుకోవడానికే, చంపిన ఒక దేవుడి రక్తమాంసాలను బంకమట్టిలో కలిపి మనుషులను చేస్తారు. బబులోనువారి ఎనూమా ఎలీష్‌లోనూ అంతే. ఓడిన కింగు అనే దేవుడి రక్తంతో మనిషిని చేసి, దేవుళ్ల సేవ అతని నెత్తిన పెట్టి, దేవుళ్లను పని నుంచి తప్పిస్తారు. నీనెవెలో అషూర్‌బనిపాల్ గ్రంథాలయ శిథిలాల నుంచి బయటపడ్డ ఈ కథల ప్రతులను జార్జ్ స్మిత్ 1876లో ప్రజల ముందుకు తెచ్చాడు. ఆదికాండాన్ని ఒంటరిగా చదివే కాలం ఆ ఏడాదితో ముగిసింది.

ఉపాధ్యాయుడు: ఆ కథల్లో దేవుళ్లు విశ్రాంతి తీసుకునేది మనిషి చేత పని చేయించి. ఆదికాండంలో దేవుడు తన పని తానే చేసుకుని విశ్రమించాడు. ఆ ఏడో రోజే తరువాత ధర్మశాస్త్రంలో మనిషికి సెలవు రోజయింది. దాసుడికీ, దాసికీ, ఎద్దుకీ, గాడిదకీ కూడా. పైగా ఆ దేవుళ్లకు తిండి పెట్టాల్సింది మనిషి. ఇక్కడ 1వ అధ్యాయం 29వ వచనంలో దేవుడే మనిషికి గింజలూ పండ్లూ ఆహారంగా ఇస్తాడు. ఎవరు ఎవరిని పోషిస్తున్నారో చూడండి.

న్యాయవాది: పోలికలో ఇది మెరుగేనని ఒప్పుకుంటాను. కానీ పొరుగు యజమాని కంటే మంచివాడైనంత మాత్రాన యజమాని యజమాని కాకుండా పోడు.

ఆమె అభ్యంతరం న్యాయమైనదే. బబులోను కథ కంటే మెరుగని చూపించినంత మాత్రాన సంబంధం స్వరూపం తేలదు. దాన్ని తేల్చాలంటే మొదటి కథనంలోని అతి బరువైన మాట దగ్గరికి వెళ్లాలి. మనిషి దేవుని స్వరూపం అన్నది ఆ మాట. దాని అర్థం మీద రెండువేల ఏళ్లుగా వాదం నడుస్తోంది. 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమొనిడీస్ దాన్ని బుద్ధి అన్నాడు. అంతకు ముందే అగస్టీను మనిషి జ్ఞాపకం, గ్రహణశక్తి, సంకల్పం అనే మూడింటిలో దాన్ని చూశాడు. 20వ శతాబ్దంలో కార్ల్ బార్త్ స్త్రీపురుషుల పరస్పర సంబంధంలోనే అది ఉందన్నాడు. ఇవన్నీ మనిషి లోపలికి చూసిన వ్యాఖ్యానాలు. తవ్వకాలు ఇంకో వైపు చూపించాయి. 1979లో ఈశాన్య సిరియాలోని తెల్ ఫెఖెరియేలో క్రీ.పూ. 9వ శతాబ్దపు ఒక పాలకుడి నల్లరాతి విగ్రహం దొరికింది. ఆదికాండం మనిషిని గురించి వాడిన స్వరూపం, పోలిక అన్న జంటమాటలే దాని మీది అరమాయిక్ శాసనంలో ఆ విగ్రహానికి వాడారు. ఈజిప్టులోనేమో ఫరోను దేవుడి ప్రతిరూపం అనేవారు.

ఉపాధ్యాయుడు: ఆ బిరుదు రాజుది. చెరలో ఉన్న ఒక ఓడిన జాతి దాన్ని తీసుకుని మనిషన్న ప్రతివాడికీ, ప్రతి స్త్రీకీ ఇచ్చింది. బబులోను రాజు కాలి కింద ఉన్నవాళ్లు ఆ రాజుకున్న గౌరవం తమకూ ఉందని రాసుకున్నారు. దాసుడికి ఎవరైనా రాజబిరుదు ఇస్తారా?

న్యాయవాది: రాజు తన విగ్రహాన్ని దూరపు రాష్ట్రంలో ఎందుకు నిలబెడతాడు మాస్టారూ? ఈ నేల నాది అని చాటడానికి. విగ్రహానికి సొంత అధికారం ఏమీ ఉండదు. మీ సాక్ష్యం నా వాదాన్నే బలపరుస్తోంది.

ఉపాధ్యాయుడు: రాతి విగ్రహానికైతే ఉండదు. ఈ విగ్రహం మాట్లాడుతుంది. జంతువులను దగ్గరికి తెచ్చి, పేర్లు నువ్వే పెట్టు అని దేవుడు పక్కన నిలబడ్డాడు. అతను ఏ పేరు పెడితే అదే ఖాయమైంది. ఒక్క పేరునూ దిద్దలేదు.

అధికారం మాట వస్తే 1వ అధ్యాయం 28వ వచనాన్ని దాటి పోలేం. భూమిని లోబరచుకోమనీ, చేపల మీదా పక్షుల మీదా ఏలుబడి చేయమనీ మనిషికి అక్కడ చెబుతాడు. 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం, నేటి పర్యావరణ సంక్షోభానికి పాశ్చాత్య క్రైస్తవం ప్రకృతిని మనిషి వాడకానికే అనుకోవడం ఒక వేరు అని ఆరోపించింది. ఈ ఒక్క విషయంలో ఇద్దరు వాదులకూ పెద్ద పేచీ లేదు. ఆ ఏలుబడి మాంసం తినే హక్కును కూడా ఇవ్వలేదని ఉపాధ్యాయుడు గుర్తుచేస్తాడు. ఆ అనుమతి జలప్రళయం తరువాత 9వ అధ్యాయంలో వస్తుంది. ఏలుబడి అంటే పైవాడికి లెక్క చెప్పాల్సిన బాధ్యత అని న్యాయవాదే అంటుంది, అది ఆమె పక్షానికి అనుకూలం కూడా. 2015లో పోపు ఫ్రాన్సిస్ పర్యావరణం మీద రాసిన లేఖలో తోటను సాగు చేయడం, కాయడం అన్న 2వ అధ్యాయపు బాధ్యతతో కలిపి ఈ వచనాన్ని చదవాలన్నాడు. సేద్యం తెలిసిన ఎవరికైనా ఆ రెండు పనులూ విడిగా ఉండవని తెలుసు.

అసలు ఘర్షణ చెట్టు దగ్గర. తోటలోని ప్రతి చెట్టు పండూ తినవచ్చు, మంచిచెడ్డల తెలివినిచ్చే చెట్టు పండు మాత్రం తినకూడదు, తిన్న దినాన చావు తప్పదు. ఇదీ ఆజ్ఞ. మీరు చావరు, మీ కళ్లు తెరుచుకుంటాయి అన్న పాము మాట విని స్త్రీ ఆ పండు తిని, ఆదాముకూ ఇస్తుంది.

న్యాయవాది: ఇక్కడ మూడు లోపాలున్నాయి. ఒకటి, మంచిచెడ్డల తెలివి రాకముందే మంచిచెడ్డలు తేల్చుకోలేదని శిక్ష వేయడం. ఏ చట్టమైనా పసివాణ్ణీ మతి లేనివాణ్ణీ నేరస్థులనదు. రెండు, ఆజ్ఞ ఇచ్చేనాటికి స్త్రీ పుట్టనే లేదు. ఆమెకు దేవుడు విడిగా చెప్పినట్టు ఎక్కడా లేదు, ఆదాము చెప్పాడనుకోవాల్సిందే. ఆమె పాముతో ఆజ్ఞను చెప్పేటప్పుడు ముట్టుకోకూడదన్న మాట కూడా కలిపింది. అంటే ఆమెకు అందింది అసలు ప్రతి కాదు. మూడు, ఆజ్ఞకు కారణం చెప్పలేదు. కారణం చెప్పకుండా లోబడమనేది యజమానే.

ఉపాధ్యాయుడు: మొదటి ప్రశ్న కొత్తది కాదమ్మా. మైమొనిడీస్ తన గ్రంథం మొదట్లోనే దీన్ని ఎత్తుకుని జవాబిచ్చాడు. బుద్ధి లేనివాడికి ఆజ్ఞ ఇవ్వరు, ఆజ్ఞ ఇచ్చాడంటేనే అతనికి బుద్ధి ఉంది. పండు తిన్నాక వచ్చింది సత్యాసత్య వివేకం కాదు, ఇది బాగుంది, ఇది బాగులేదు అని సొంత ఇష్టాన్ని బట్టి తీర్పు చెప్పే అలవాటు. అందుకే కళ్లు తెరుచుకోగానే వాళ్లు మొదట చూసింది తమ ఒంటి మీద బట్ట లేకపోవడాన్ని.

న్యాయవాది: తెలివైన జవాబే. కానీ దేవుడే 3వ అధ్యాయం 22వ వచనంలో, మనిషి మంచిచెడ్డలు తెలిసి మనలాంటివాడయ్యాడు అంటాడు. అది అంత తక్కువ తెలివైతే దేవుడికి ఆందోళన ఎందుకు? అందుకే 1786లో కాంట్ ఈ కథనే తిప్పి చదివాడు. సహజ ప్రవృత్తి పట్టు నుంచి మనిషి బుద్ధి వైపు వేసిన మొదటి అడుగు అది అన్నాడు. నాకు అదే సరిగా కనిపిస్తోంది. కీడు కూడా దానితోనే మొదలైందని కాంట్ ఒప్పుకున్నాడు, నేనూ ఒప్పుకుంటాను.

ఉపాధ్యాయుడు: రెండో శతాబ్దంలోనే లియోను బిషప్పు ఇరేనియస్ ఆదాముహవ్వలను పిల్లలన్నాడు. వాళ్లు ఎదగాల్సినవాళ్లు. ఆ పండు ఎప్పటికీ కాదు, ఇంకా కాదు. దొంగతనంగా తిన్నారు కాబట్టి, ఎదుగుదలకు ముందే దాని బరువు మీద పడింది. కాంట్ చూసిన స్వేచ్ఛ నిజమే, కానీ ఆ స్వేచ్ఛను దేవుడి దగ్గర దాచుకోవాల్సి రావడమే దుఃఖం.

ఇక్కడ ఉపాధ్యాయుడి పక్షం పూర్తిగా నిలబడదని చెప్పక తప్పదు. ‘ఇంకా కాదు’ అన్న మాట కథలో లేదు, ఇరేనియస్ తెచ్చి పెట్టింది. ‘తిన్న దినాన చావు’ అన్నదీ అక్షరాలా జరగలేదు, ఆదాము 930 ఏళ్లు బతికాడని 5వ అధ్యాయం చెబుతుంది. ఈ చిక్కును విప్పడానికి క్రీ.పూ. 2వ శతాబ్దపు జూబిలీల గ్రంథం, దేవుడికి వెయ్యేళ్లు ఒక దినమని లెక్కగట్టి, ఆదాము ఆ దినం నిండకముందే చనిపోయాడని చూపింది. పాము చెప్పిన విషయాలు పైకి నిజమైనట్టే కనిపిస్తాయి. కళ్లు తెరుచుకున్నాయి, ఆ రోజు చావు రాలేదు. కథ ఈ ఇబ్బందిని కప్పిపుచ్చకుండా చదివేవాడి ముందే ఉంచుతుంది.

తరువాత విచారణ. చల్లపూట తోటలో నడుస్తున్న దేవుడి అలికిడికి ఇద్దరూ చెట్ల చాటున దాక్కుంటారు. దేవుడు ఆదామును పిలిచి ఎక్కడున్నావని అడుగుతాడు. హీబ్రూ బైబిలులో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

ఉపాధ్యాయుడు: ఎక్కడున్నాడో తెలియక అడిగాడా? మూడు ప్రశ్నలు వేసి ఆదాము జవాబు విన్నాడు, స్త్రీని అడిగి ఆమె జవాబూ విన్నాడు. పామును మాత్రం ఏమీ అడగలేదు, నేరుగా శపించాడు. ప్రశ్న వేశాడంటే జవాబు చెప్పగలవాడివి నువ్వు అని గుర్తించినట్టు. నా దృష్టిలో దేవుని స్వరూపం అంటే ఏమిటో 1వ అధ్యాయం కంటే ఈ ప్రశ్నే బాగా చెబుతుంది.

న్యాయవాది: ఈ మాట మా వృత్తివాళ్లకు బాగా తెలుసు. 1718లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రిచర్డ్ బెంట్లీ అనే పండితుడి పట్టాలను అతని వాదన వినకుండానే తీసేసింది. దాని మీద నడిచిన 1723 నాటి కేసులో జస్టిస్ ఫోర్టెస్క్యూ, దేవుడు కూడా ఆదామును పిలిచి అడగకుండా శిక్ష వేయలేదన్నాడు. సహజ న్యాయ సూత్రాల పాఠంలో మన దేశంలోనూ ఆ కేసు చదువుతారు. కానీ సహజ న్యాయానికి రెండు కాళ్లు. ఎదుటివాడి వాదన వినాలన్నది ఒకటి, తన వ్యాజ్యంలో తానే తీర్పరి కాకూడదన్నది రెండోది. ఏదెనులో చట్టం చేసినవాడు, నష్టపోయినవాడు, విచారించినవాడు, శిక్ష వేసినవాడు ఒక్కడే. ఫోర్టెస్క్యూ ఒక కాలు చూపించాడు, రెండో కాలు లేదు.

ఉపాధ్యాయుడు: అది న్యాయస్థానమే అయితే మీ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. కానీ తీర్పు చెప్పాక ఏం జరిగిందో చూడండి. శాపం అన్న మాట పాముకూ నేలకూ తగిలింది, మనిషికీ స్త్రీకీ తగల్లేదు. వాళ్లకు వచ్చింది ప్రసవవేదన, చెమటోడ్చి తినే తిండి, చివరికి మట్టిలో కలిసిపోవడం. ఆ తరువాత దేవుడే చర్మపు చొక్కాలు చేసి ఇద్దరికీ తొడిగాడు. వాళ్లు అంజూరపు ఆకులు కుట్టుకున్నారు, అవి నిలవవని ఆయనకు తెలుసు. ఏ న్యాయమూర్తి శిక్ష పడినవాడికి తన చేత్తో బట్టలు కుడతాడు?

న్యాయవాది: బట్టలు తొడిగి తోటలోంచి వెళ్లగొట్టాడు. తిరిగి రాకుండా కెరూబులనూ, తిరుగుతూ ఉండే ఖడ్గజ్వాలనూ కాపలా పెట్టాడు. కారణం కూడా ప్రేమ అని చెప్పలేదు, మనిషి జీవవృక్షం పండు తిని ఎప్పటికీ బతుకుతాడేమోనని. ఇంకో మాట. స్త్రీ మీద భర్త ఏలుబడి చేస్తాడని కూడా ఆ తీర్పులోనే ఉంది. దాన్ని పట్టుకుని ఎన్ని శతాబ్దాలు ఆడవాళ్లను అణిచారో మీకు తెలుసు.

ఉపాధ్యాయుడు: తెలుసు. అది క్రైస్తవ సమాజం జవాబు చెప్పుకోవాల్సిన పాపం. కానీ కథలో ఆ మాట ఎక్కడుందో చూడండి. చెమటా, ముళ్లూ, చావూ ఉన్న వరసలోనే ఉంది. చెడిపోయిన లోకం ఎలా ఉంటుందో చెబుతోంది, దేవుడు కోరిన లోకాన్ని కాదు. 1వ అధ్యాయంలో ఏలుబడి స్త్రీపురుషులిద్దరికీ కలిపి ఇచ్చాడు. అది జంతువుల మీద, ఒకరి మీద ఒకరికి కాదు. 1978లో ఫిలిస్ ట్రిబుల్ ఈ కథను ఇలాగే చదివి చూపించింది. ముళ్లు మొలుస్తాయన్నాడు కదా అని రైతు కలుపు తీయడం మానడు.

కలుపు పోలిక సరైన చోట పడింది. ప్రసవవేదన తీర్పులో ఉన్నంత మాత్రాన మందు వాడకూడదని ఈనాడు ఎవరూ అనరు. అదే వచనంలోని రెండో సగాన్ని మాత్రం శాసనంగా పట్టుకోవడం వ్యాఖ్యానం కాదు, స్వార్థం.

ఈ పతనం మనిషిని ఎంత లోతుకు చెరిపిందన్న దగ్గర సంప్రదాయాలు విడిపోయాయి. ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను, పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఆధారంగా, ఆదాము పాపం పుట్టుకతోనే అందరికీ సంక్రమిస్తుందన్నాడు. మనిషి తన సంకల్పంతో మంచిని ఎంచుకోగలడన్న పెలాజియస్ బోధను 418లో కార్తేజి సభ ఖండించింది. తూర్పు సనాతన సంఘాలు చావు సంక్రమించిందంటాయి గాని, నేరం సంక్రమించిందనవు. యూదు గురువులు జన్మపాపాన్ని ఒప్పుకోలేదు. మనిషిలో మంచి ప్రేరణ, చెడు ప్రేరణ రెండూ ఉన్నాయనీ, వాటి మధ్య ఎంచుకోవడం అతని చేతిలోనే ఉందనీ అన్నారు. పాపం అన్న మాట 3వ అధ్యాయంలో లేనే లేదు, అది మొదట వచ్చేది ఆదాము కొడుకు కయీను కథలో. తరువాతి హీబ్రూ గ్రంథాలు కూడా ఆదాము తప్పును దాదాపు ప్రస్తావించవు.

న్యాయవాది: అగస్టీను వాదం నిలిస్తే నా కేసు గెలిచినట్టే. పుట్టకముందే నేరస్థుడైనవాడికి బంధం ఏమిటి?

ఉపాధ్యాయుడు: అగస్టీను పక్షాన ఒక్క మాట చెప్పాలి. మనిషి తన బలంతో తాను బాగుపడలేడన్నదాన్ని ఆయన తన జీవితంలో చూసి చెప్పాడు. కానీ సంబంధం తెగిపోలేదని గ్రంథమే చెబుతుంది. 5వ అధ్యాయంలో దేవుడు మనిషిని తన పోలికగా చేసినట్టు మళ్లీ చెప్పి, ఆదాము తన పోలికగా షేతును కన్నాడంటుంది. జలప్రళయం తరువాత 9వ అధ్యాయంలో నరహత్యను నిషేధించడానికి చెప్పిన కారణం, మనిషి దేవుని స్వరూపం కావడం. ఏదెను పోయింది, స్వరూపం పోలేదు.

న్యాయవాది: మంచిది. ఇక మిగిలింది అప్పీలు. ఆదాముకు ఆ హక్కు ఎక్కడుంది?

ఉపాధ్యాయుడు: ఆదాము అడగలేదు. తప్పు స్త్రీ మీదికి నెట్టాడు, ఆమెను ఇచ్చింది నువ్వే అని దేవుడి మీదికీ నెట్టాడు. అడిగింది కయీను. తమ్ముణ్ణి చంపినవాడే, ఈ శిక్ష భరించలేను, దొరికినవాడల్లా నన్ను చంపుతాడు అని మొర పెట్టుకుంటే, దేవుడు విని అతనికి రక్షణగా గుర్తు వేశాడు. అబ్రాహాము, నాశనం కాబోతున్న సొదొమ పట్టణం కోసం యాభైమంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా బేరమాడాడు. లోకానికంతా తీర్పరివి, నువ్వు న్యాయం చేయవా అని ముఖం మీదే అడిగాడు. దాసుడు అలా అడగడు.

న్యాయవాది: అడిగినా తీర్పరి మారలేదు మాస్టారూ. నేను కోరేది మూడో మనిషిని. ఇద్దరికీ చెందని మధ్యవర్తిని.

ఉపాధ్యాయుడు: కారణం తెలియని బాధలు పడ్డ యోబు కోరింది కూడా అదే. మా ఇద్దరి మీదా చెయ్యి వేయగల మధ్యవర్తి లేడే అని యోబు గ్రంథం 9వ అధ్యాయంలో ఏడుస్తాడు. ఆ గ్రంథంలో అతనికి మధ్యవర్తి దొరకలేదు, అడిగిన కారణమూ చెప్పలేదు. చివర దేవుడు యోబును గద్దించాడు కూడా. కానీ దేవుడి పక్షాన అంతసేపు వాదించిన స్నేహితులు తన గురించి సరిగా మాట్లాడలేదనీ, యోబు సరిగా మాట్లాడాడనీ ఆ దేవుడే తీర్పు చెప్పాడు.